మామయ్య కంప్యూటర్‌ని ఒక ఫైల్‌లో దాచిపెట్టా

మీ ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ ఏదైనా ఉందా? పసుపు రంగుకి తిరిగిపోయిన క్యాబినెట్, ముందు ఫ్లాపీ పెట్టే సందు, పక్కన దుమ్ము పట్టిన సీడీల కట్ట? ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. ఆ డబ్బా లోపల ఉన్న కంప్యూటర్ని మొత్తంగా, అంటే దాని విండోస్‌తో, సాఫ్ట్‌వేర్లతో, వాల్‌పేపర్‌తో సహా, ఒక ఫైల్‌గా మార్చుకుని మీ ల్యాప్‌టాప్‌లో నడిపించవచ్చు. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌తోనే. పోయినేడు నేను చేసింది అదే.

మా మామయ్యకి గుంటూరులో డీటీపీ సెంటర్ ఉండేది. 1999లో పెట్టాడు. పెళ్ళి శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు, అప్పుడప్పుడు ఎవరైనా మాస్టారు సొంత డబ్బులతో వేసుకునే పుస్తకం... అన్నీ ఒక్క పెంటియం కంప్యూటర్ మీదే. విండోస్ 98, అందులో పేజ్‌మేకర్ 6.5, దాని పక్కన ఒక తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. రాత్రి షట్టర్ దించాక మామయ్య ఇంకో పని కూడా చేసేవాడు. మా అమ్మమ్మ పాడే పాటలు టైప్ చేసేవాడు. లాలిపాటలు, మంగళహారతులు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు. అమ్మమ్మ చదువుకోలేదు. ఆ పాటలు ఏ కాగితం మీదా లేవు. ఆవిడ పాడుతుంటే మామయ్య చీటీల మీద రాసుకుని, తర్వాత కొట్టేవాడు.

2006లో అమ్మమ్మ పోయింది. పుస్తకం వేయలేదు. 2012లో షాపు మూసేశారు. చీటీలు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. కంప్యూటర్ అటకెక్కింది.

పోయినేడు మామయ్య కూతురి పెళ్ళి కుదిరింది. అప్పగింతలప్పుడు అమ్మమ్మ పాట పాడాలని మా అమ్మ పట్టుపట్టింది. మొదటి చరణం వచ్చు, రెండోది సగమే వచ్చు, తర్వాతంతా "నాననా" అనే. "ఏమే, నువ్వు కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నావుగా, అది బయటికి తీయలేవా?" అంది. నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తా. పని అలా మొదలైంది.

ఫైల్ ఉంటే చాలదా?

అటక మీంచి దించిన కంప్యూటర్ ఆన్ అవలేదు. హార్డ్ డిస్క్ విప్పి, పాతకాలపు డిస్క్‌లని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి కొని నా ల్యాప్‌టాప్‌కి తగిలించా. 20 జీబీ డిస్క్. తిరిగింది. మధ్యమధ్యలో టక్ టక్‌మని చప్పుడు చేస్తూనే తిరిగింది. ఫోల్డర్లు కనిపించాయి. "అమ్మపాటలు" అన్న ఫోల్డర్లో మూడు పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు కదా? అసలు ఇబ్బంది ఇక్కడే. లిబ్రేఆఫీస్‌కి పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరవడం కొంతవరకు వచ్చు. మొదటి ఫైల్ తెరిచింది కూడా. కానీ తెర మీద తెలుగు లేదు. డాలర్ గుర్తులు, శాతం గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు. చరణాల ఆకారం కనబడుతోంది, పాట కనబడట్లేదు.

ఎందుకలా? ఇప్పుడు మీ ఫోన్లో టైప్ చేసే తెలుగు యూనికోడ్. అందులో "క" అనే అక్షరానికి ప్రపంచమంతటా ఒకటే నంబర్. మీ ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి పంపినా "క" కగానే చేరుతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ, మామూలు కంప్యూటర్లలోకి అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. విండోస్‌తో పాటు గౌతమి ఫాంట్ వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అంతకుముందు డీటీపీ వాళ్ళకి ఆధారం అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలే. ఆ రోజుల్లో ఒక ఫాంట్‌లో ఉండేది 256 గళ్ళు. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నీ అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలోనే ఈ ముక్కల్ని కూర్చోబెట్టారు. ఏ గడిలో ఏ ముక్క అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

అంటే మామయ్య ఫైల్‌లో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఫలానా ఫాంట్‌తో, ఫలానా సాఫ్ట్‌వేర్‌లో చూస్తేనే తెలుగుగా కనబడే సంకేతాల వరస. ఫాంట్లు మాత్రం కాపీ చేసి కొత్త ల్యాప్‌టాప్‌లో వేసి చూశా. కొన్ని అక్షరాలు వచ్చాయి, కొన్నిచోట్ల ఖాళీ గళ్ళు, వత్తులు ఎక్కడో గాల్లో. ఆన్‌లైన్‌లో కన్వర్టర్లు ఉన్నాయి. కానీ పాట తెలియని నేను, అవి ఇచ్చింది సరో కాదో దేనితో పోల్చి చూడాలి?

అప్పుడే ఒక విషయం బాగా అర్థమైంది. ఫైల్ ఒక్కటే మిగిలితే సరిపోదు, దాన్ని చదివే యంత్రం కూడా మిగలాలి. యంత్రం కాలిపోయింది. కానీ యంత్రాన్ని మళ్ళీ పుట్టించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది.

దుభాషి పని చేసే సాఫ్ట్‌వేర్

దాని పేరు క్యూఎము. ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టాడు. ఈయన పేరు మీరు వినుండకపోవచ్చు గానీ, వీడియో పనులకి ప్రపంచమంతా వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మొదలుపెట్టిందీ ఈయనే. 2009లో పై విలువని సుమారు 2.7 లక్షల కోట్ల అంకెల దాకా లెక్కకట్టాడు. సూపర్ కంప్యూటర్ మీద కాదు, ఒక్క డెస్క్‌టాప్ మీద. క్యూఎము ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, ఉచితంగా వాడొచ్చు. ఇప్పుడు దాన్ని ఎంతోమంది కలిసి నడిపిస్తున్నారు.

అది చేసే పని ఇదీ: లేని కంప్యూటర్ని ఉన్నట్టు నటించడం. మదర్‌బోర్డు, డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్లాపీ డ్రైవు, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే. లోపల నడిచే విండోస్‌కి తాను డబ్బాలో ఉన్నానో, ఫైల్‌లో ఉన్నానో తెలియదు. అది ప్రాసెసర్‌కి ఇచ్చే ఆదేశాల్ని క్యూఎము మధ్యలో పట్టుకుని, మీ కంప్యూటర్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి ఇస్తుంది. పక్కా దుభాషి. ఒకసారి అనువదించిన ముక్కని గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ అదే వస్తే కొత్తగా అనువదించదు. అందుకే మరీ నత్తనడక కాకుండా నడుస్తుంది.

లోపలి యంత్రం, బయటి యంత్రం ఒకే భాష మాట్లాడేవైతే దుభాషి అక్కర్లేదు కదా? అక్కడికి వచ్చేది కేవీఎం. 2007లో లైనక్స్ కెర్నెల్‌లో చేరింది. ప్రాసెసర్లలో ఇందుకోసం ఉన్న ప్రత్యేక సదుపాయాన్ని వాడుకుని లోపలి ఆదేశాల్ని నేరుగా నడిపిస్తుంది. క్యూఎము, కేవీఎం జోడీ ఎన్నో క్లౌడ్ సర్వర్ల అడుగున నడుస్తోంది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసేవాళ్ళు ఫోన్ లేకుండానే యాప్‌ని పరీక్షించుకునే ఎమ్యులేటర్ ఉంది చూశారా, దాని పునాది కూడా క్యూఎమునే. అంటే మీ ఫోన్లో ఉన్న యాప్‌లలో చాలావాటికి మొదటి ఫోన్ నిజం ఫోన్ కాదు, ఇలాంటి ఉత్తుత్తి ఫోనే.

డిస్క్ నుంచి ఫైల్‌కి

ఇక పని ఎలా జరిగిందో చెప్తా. మీకూ పనికొస్తుంది.

ముందు డిస్క్‌ని ముక్క వదలకుండా ఒక ఫైల్‌గా కాపీ చేయాలి. ఫోల్డర్లు కాపీ కొట్టడం కాదు, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా డిస్క్ మొత్తం. చప్పుడు చేసే డిస్క్‌కి డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మంచిది. అది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ లాగేస్తుంది, మొండికేసే చోట్లని చివరికి వదిలి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించొచ్చు. నాకు ఒక రాత్రి పట్టింది. తెల్లారేసరికి దాదాపు అంతా వచ్చింది, కొన్ని సెక్టార్లు తప్ప. ఆ తర్వాత డిస్క్‌ని తీసి పక్కన పెట్టేశా, మళ్ళీ తగిలించలేదు.

రెండో పని, ఆ ఫైల్‌ని ముట్టుకోకుండా కాపాడటం. క్యూఎముతో పాటు వచ్చే క్యూఎము-ఇమేజ్ అనే పనిముట్టుతో దానిమీద ఒక పొర లాంటి ఫైల్ తయారుచేయొచ్చు. దీన్ని క్యూకౌ2 ఫార్మాట్ అంటారు. లోపలి విండోస్ ఏం రాసినా, ఏం చెరిపినా ఆ పొర మీదే. అసలు ఫైల్ అలాగే ఉంటుంది. పాడైందా? పొర తీసేసి కొత్త పొర వేసుకోవడమే. ఎన్నిసార్లైనా.

మూడోది, యంత్రం ఎలా ఉండాలో చెప్పడం. క్యూఎములో "పీసీ" అనే మామూలు యంత్రం 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్‌ని అనుకరిస్తుంది. విండోస్ 98కి అది చిన్ననాటి స్నేహితుడు. గ్రాఫిక్స్‌కి సిరస్ లాజిక్ కార్డు ఎంచుకున్నా, దానికి డ్రైవర్ విండోస్ 98లోనే ఉంటుంది. మెమరీ 256 ఎంబీ. నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంది కదా అని దండిగా ఇస్తే విండోస్ 98 తట్టుకోలేదు, 512 ఎంబీ దాటితేనే దానికి తిప్పలు. కేవీఎం కూడా ఆపేశా. కొన్ని కొత్త ప్రాసెసర్ల మీద నేరుగా నడిపిస్తే అది కూలబడుతుంది. దుభాషి దారే దానికి క్షేమం. నెట్‌వర్క్ అసలే ఇవ్వలేదు. ఎప్పుడో అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌ని ఇంటర్నెట్‌కి తగిలించడమంటే తలుపు తీసి ఊరెళ్ళడమే.

ఇంకో మాట. క్యూఎము ఉచితమే గానీ విండోస్, పేజ్‌మేకర్ ఉచితం కాదు. మామయ్య కొన్న సీడీలు, లైసెన్స్ కాగితాలు ఆ కట్టలోనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఆన్ చేశా. నల్లతెర, తర్వాత మేఘాల బొమ్మ, తర్వాత "కొత్త హార్డ్‌వేర్ దొరికింది" అంటూ వరసగా కిటికీలు. మనిషి నిద్రలేచి ఇల్లు మారిపోయిందని గమనించినట్టు, ఆ విండోస్ తన చుట్టూ ఉన్న పరికరాలన్నీ కొత్తవని కనిపెట్టి ఒక్కోదానికీ డ్రైవర్ అడుగుతోంది. రెండుమూడు రీస్టార్ట్‌లు అయ్యాక డెస్క్‌టాప్ వచ్చింది. వాల్‌పేపర్‌గా వెంకటేశ్వరస్వామి.

మామయ్య వేళ్ళు

ఆ ఆదివారం గుంటూరు వెళ్ళా. ల్యాప్‌టాప్ మామయ్య ముందు పెట్టా. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది నా సీ డ్రైవే కదమ్మా" అన్నాడు. అంతే. తర్వాత పదినిమిషాలు ఏం మాట్లాడలేదు. ఒక్కో ఫోల్డర్ తెరిచి చూస్తూ కూర్చున్నాడు. "బాకీలు" అని ఒక ఫైల్ ఉంది. అది చదువుతూ మాత్రం పెద్దగా నవ్వాడు.

పేజ్‌మేకర్ తెరిచి, కీబోర్డు మీద చేతులు పెట్టి ఏదో కొట్టాడు. చకచకా తెలుగు పడింది. పదేళ్ళు దాటింది ఆయన ఆ కీబోర్డు వాడి. ఫోన్లో తెలుగు టైప్ చేయమంటే ఒక్కో అక్షరం వెతుక్కునే మనిషి. "ఏ అక్షరం ఎక్కడుందో అడిగితే చెప్పలేనమ్మాయ్, వేళ్ళకి తెలుసు" అన్నాడు.

మొదటి రెండు ఫైళ్ళు తెరుచుకున్నాయి. అమ్మ కావాలన్న అప్పగింతల పాట రెండోదాంట్లో ఉంది. అమ్మ చదివి, "ఈ మాట ఇది కాదురా, అమ్మ వేరేలా పాడేది" అంది. "అమ్మ చెప్పింది చెప్పినట్టే కొట్టానక్కా" అన్నాడు మామయ్య. కాసేపు వాదించుకున్నారు. చివరికి అమ్మే అంది, "ఒక్కో పెళ్ళికి ఒక్కోలా పాడేదిలే" అని. రెండు పాఠాలూ ఉంచాం.

మూడో ఫైల్ తెరుచుకోలేదు. చదవలేకపోయిన సెక్టార్లలో కొన్ని దాని మీదే పడ్డాయి. పేజ్‌మేకర్ ఎన్నిసార్లు అడిగినా కుదరదంది. ఇక్కడే పొర ఉపయోగం తెలిసొచ్చింది. పాడవుతుందేమోనన్న భయం లేదు కాబట్టి ఏదైనా చేసి చూడొచ్చు. బయటి నుంచి ఆ ఫైల్‌లో అక్షరాల్లా కనిపించే వరసలన్నీ ఏరి, ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి, దాన్ని ఉత్తుత్తి సీడీగా మార్చి లోపలి కంప్యూటర్‌కి ఇచ్చా. వర్డ్‌ప్యాడ్‌లో తెరిస్తే అదే గజిబిజి. మామయ్య మొత్తం సెలెక్ట్ చేసి, ఫాంట్ల జాబితాలోంచి తన తెలుగు ఫాంట్ ఎంచుకున్నాడు.

డాలర్ గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగయ్యాయి.

అన్నీ కాదు. చరణాలు తారుమారుగా ఉన్నాయి, మధ్యలో తెగిపోయాయి. మామయ్య, అమ్మ పక్కపక్కన కూర్చుని పాడుకుంటూ వరస కుదిర్చారు. తొమ్మిది పాటల్లో ఆరు నిలబడ్డాయి. మూడు పోయాయి. వాటి పేర్లు మాత్రం విషయసూచికలో ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, "ఇవి పెద్దమ్మకేమన్నా వచ్చేమో" అని అప్పుడే ఫోన్ చేసింది. ఒకటి సగం వచ్చింది.

పేజీల్ని బయటికి తెచ్చింది పాత ఉపాయంతోనే. లోపలి విండోస్‌లో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ పెట్టి, కాగితం బదులు ఫైల్‌లోకి ప్రింట్ చేయించి, బయట ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్‌గా మార్చా. మామయ్య పెట్టిన అంచుల డిజైన్లతో సహా వచ్చాయి. తర్వాత పాటలన్నీ యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేశా, ఎవరి ఫోన్లో అయినా చదువుకునేలా. పెళ్ళిలో అమ్మ ఫోన్ చూసుకుంటూ పాట మొత్తం పాడింది. మామయ్య మండపం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మీరు మొదలుపెట్టాలంటే

ముందు పాత విండోస్‌తో కుస్తీ పట్టొద్దు. లైనక్స్, మ్యాక్, విండోస్ అన్నిటికీ క్యూఎము ఉంది. వంద ఎంబీ కూడా లేని ఆల్పైన్ లైనక్స్ వర్చువల్ ఎడిషన్‌తో గానీ, పాత డాస్ ఆటల కోసం ఫ్రీడాస్‌తో గానీ మొదలెట్టండి. రెండూ ఉచితమే. ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్‌లోనూ క్యూఎము వేసుకోవచ్చు. ఐఫోన్‌కి 2024 జులైలో వచ్చిన యూటీఎం ఎస్‌ఈ యాప్ లోపల ఉన్నదీ క్యూఎమునే. ఫోన్లో నెమ్మదిగా నడుస్తుంది. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్ ఉన్నవాళ్ళకి ఆ నెమ్మది కూడా పాఠమే.

ఎమ్యులేటర్ లోపల ఏం చేసినా బయటికి ఏం కాదన్న ధీమా మాత్రం వద్దు. 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. క్యూఎములోని ఉత్తుత్తి ఫ్లాపీ డ్రైవు కోడ్‌లో ఏళ్ళ తరబడి ఎవరూ గమనించని సందు అది. లోపలి యంత్రం నుంచి బయటి యంత్రంలోకి దూరే వీలిచ్చింది. వెంటనే సరిచేశారు. కాబట్టి క్యూఎముని అప్‌డేట్ చేస్తూ ఉండండి, ఎక్కడో దొరికిన డిస్క్ ఇమేజ్‌లని నడపకండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది డిస్క్ కాపీ. ఎమ్యులేటర్ తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. డిస్క్ మాత్రం మీ కోసం ఆగదు. మీ ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్, ఫొటో స్టూడియో, డీటీపీ సెంటర్ నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి. ఆ డిస్క్‌ల మీద ఎవరి నాన్న రాసిన పుస్తకమో, ఏ బడి వార్షిక సంచికో ఉండొచ్చు. పక్కన కూర్చుని ఇది ఇలా కాదు, అలా అని చెప్పగలిగే మనుషులు ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

మామయ్య కంప్యూటర్ ఇప్పుడు మూడు చోట్ల ఉంది: నా దగ్గర, అమ్మ దగ్గర పెన్‌డ్రైవ్‌లో, పెళ్ళయి బెంగళూరు వెళ్ళిన ఆయన కూతురి దగ్గర. "ఆ బాకీల ఫైల్ తీసెయ్యమ్మాయ్, పోయినవాళ్ళు కూడా ఉన్నారు అందులో" అన్నాడు మామయ్య. పై పొరలో తీసేశా. కింద అసలు ఫైల్‌లో ఉందని ఆయనకి చెప్తే, "పోనీలే, అడుగున ఉండనీ" అన్నాడు.